నీలం మూతల పెళ్ళిచూపులు

శంఖంలో కాపురముండే పీత గవర్రాజు తన మొరటు శంఖాన్ని ఈడ్చుకుంటూ నడిస్తే సముద్రమే జడిసి వెనక్కి తగ్గేది. అంతటి వీరుడూ పెళ్ళిచూపులనాడు తడబడ్డాడు. ఆ ఏడు కుర్ర పీతలన్నీ నీలం సీసామూతలు తొడుక్కుంటున్నాయని, తనూ శంఖాన్ని ఇంట్లో వదిలేసి, ఊపిరి బిగబట్టి ఒక మూతలో దూరి, స్నేహితుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు.

వరసగా నిలబడ్డ నీలం మూతల్ని చూసి పిల్ల అమ్మమ్మ విసుక్కుంది. "వీళ్ళలో పెళ్ళికొడుకెవడయ్యా?"

"నేనేనండీ," అన్నాడు గవర్రాజు. ఆటపట్టించడానికి స్నేహితులందరూ అదే మాట అన్నారు.

"అందరూ ఒకేలా ఉన్నారు. ఆ చివరివాణ్ణి ఖాయం చేద్దామే," అంది అమ్మమ్మ.

చివరనున్నది తను కాదు, తన స్నేహితుడని చూశాడు గవర్రాజు. మూత విసిరికొట్టి, తన శంఖం కోసం ఒంటిమీద ఏమీ లేకుండా పరుగు తీశాడు. ఆ వేగానికి ఇసుక పొగలు కక్కింది, ఆకాశంలో గద్దలు సిగ్గుతో కళ్ళు మూసుకున్నాయి.

పిల్ల మాత్రం కళ్ళు మూసుకోలేదు.

"అమ్మమ్మా, నాకు అతనే నచ్చాడు. పెళ్ళికి మాత్రం తనదంటూ ఏదైనా తొడుక్కుని రమ్మను."