ఎదురు సుత్తి

“నా ఎదర కూకో!” అని అరిచాడు కూర్మయ్య మేస్త్రీ.

జోగయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. దసరా దగ్గర పడింది. సాలూరులో సూర్యారావు గారి లారీ బాడీల షెడ్డులో ఆయుధపూజకు ముందు పనివాళ్లంతా తమ పనిముట్లతోనే మేళం కట్టడం ఆనవాయితీ. ఒకడు ఖాళీ డ్రమ్ము మోగిస్తాడు, ఒకడు రంపం, ఒకడు రెంచీ. లారీ కమాను పట్టీ మీద కూర్మయ్య పెద్ద సుత్తి వేసే దెబ్బను బట్టి అందరూ నడవాలి. జోగయ్య ఏటా వెనక వరసలో రేకుల చాటున కూర్చుని చిన్న సుత్తి ఆడించేవాడు.

“ముందర నానెందుకు మేస్త్రీ? దాలయ్యని కూకోబెట్టు.”

కూర్మయ్య అతని మూతికేసి చూశాడు గానీ మాట మార్చలేదు. “నువ్వే కూకో! నీ సుత్తి ఎప్పుడూ తప్పదు.”

కొంపదీసి తెలిసిపోయిందా? ఏళ్ల తరబడి రేకుల మీద సుత్తుల మోత విని విని జోగయ్య చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి అరిస్తే కొంత అందేది, మిగతాది పెదాలు చూసి పట్టుకునేవాడు. మామూలు మాట కూడా ఊరంతా వినేలా చెప్పే అలవాటు మేస్త్రీకి ఉండబట్టి ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాడు. సంగతి భార్య అసిరమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేమన్నా ఉందా! కిందటేడు గంగులు గతి ఏమైంది? మేళం ఆగిపోయినా పాపం, వాడొక్కడూ డబ్బా కొడుతూనే ఉన్నాడు. అందరూ నవ్వారు. సూర్యారావు గారు నవ్వలేదు. “వెనక్కొచ్చే లారీ మోత వినపడనివాడు ఎప్పుడో చక్రం కింద పడతాడు. నాకొద్దు” అని మర్నాడే పని మాన్పించేశారు.

సాధన మొదలైంది. జోగయ్య కళ్లు మేస్త్రీ సుత్తిని వదల్లేదు. అది లేస్తే తనదీ లేచేది, అది పడితే తనదీ పడేది. కాస్త తలెత్తి చూస్తే, కూర్మయ్య రెప్ప వేయకుండా అతని చేతికేసే చూస్తున్నాడు! రివెట్టు బిగిసిందో లేదో అందరూ మోత విని చెప్తే, అరచెయ్యి ఆనించి చెప్పేసే మహానుభావుడాయన. అలాంటివాడి కంట్లో దుమ్ము కొట్టడం ఎవరి తరం?

“మేస్త్రికి అనుమానమొచ్చీసినాది” అన్నాడు జోగయ్య, ఇంట్లో గంజి ముందు కూర్చుని.

అసిరమ్మ అతని గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది. “జొరమొచ్చినాదని సెప్పి పండగ పొద్దు తొంగోరాదేటి మావా?”

“తొంగుంటే అనుమానం కాస్తా నిజమైపోతాది గదే! ఈ పని పోతే ఏటి తింటాం?”

అసిరమ్మ అతని ముంతలో ఇంకో గరిటె గంజి పోసింది.

పండగ నాడు షెడ్డు నిండా లారీల యజమానులే. సూర్యారావు గారు ముందు కుర్చీలో కూర్చున్నారు. కూర్మయ్య సుత్తి లేచింది, జోగయ్యదీ లేచింది. చేతిలో పిడి అదురు, పాదాల కింద నేల అదురు తప్ప జోగయ్యకు ఏమీ అందడం లేదు. మేళం ఊపందుకుంది. ఇక మేస్త్రీ సుత్తి పైకెత్తి నిలిపితే అందరూ ఆపాలి. సరిగ్గా అప్పుడే చెమట కంట్లో పడింది. రెప్ప వాల్చి తెరిచేసరికి ఆ సుత్తి గాలిలో ఉంది. నిలిచిందా, లేస్తోందా? చెయ్యి ఆగలేదు. కొట్టేశాడు.

చచ్చానురా దేముడా అనుకున్నాడు.

కూర్మయ్య ముఖం పాలిపోయింది. అయినా ఆయన సుత్తి కూడా వెంటనే కిందకి దిగింది. ఆయన్ని చూసి మిగతావాళ్లంతా మళ్లీ అందుకున్నారు. ఇంకో విడత వాయించాక గానీ సుత్తి పైకి లేచి నిలవలేదు. ఈసారి జోగయ్య ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకుని ఆపాడు. ఆగినట్టే ఆగి మళ్లీ లేచిన మేళానికి జనం వెర్రెత్తిపోయారు. సూర్యారావు గారైతే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

జోగయ్యకు ఆ సంతోషం ఎక్కడిది! కూర్మయ్య అతని రెక్క పట్టుకుని కొత్త లారీ వెనక్కి లాక్కుపోయాడు. ఎవరైనా వస్తున్నారేమోనని అవతలికి తొంగి చూడసాగాడు.

జోగయ్య ఇక దాచలేకపోయాడు. “నాకేటీ ఇనపడదు మేస్త్రీ! నీ సుత్తి సూసే కొట్టినాను. నా తప్పు నువ్వే కాసినావు. సావుకారికి సెప్పకు, నీ కాళ్లు పట్టుకుంటాను.”

కూర్మయ్య ఇంకా అవతలికే చూస్తున్నాడు. ఎవరూ రావడం లేదని చూసుకుని ఇటు తిరిగాడు. ఆ ముఖంలో కోపం లేదు, ఉన్నదంతా భయమే.

“నాను ఆపినాక సెప్పకుండా ఆ దెబ్బేటిరా? నీ సెయ్యి సూసే గదా నాను కొడతన్నాను!”

జోగయ్య తెల్లబోయాడు. “నా సెయ్యా? నా సెయ్యెందుకు?”

కూర్మయ్య ముఖం దగ్గరగా పెట్టాడు. ఎన్నడూ లేనిది, అరుపు లేకుండా పెదాలు మాత్రమే కదిలాయి.

“నాకేటీ ఇనపడదురా.”