ఆకుపచ్చ వైరు

ఇంటి గోడలు, గిన్నెలు, ఆఖరికి తలదిండు కూడా మన మాటలు విని సర్కారుకు చేరవేసే రోజులవి. అందుకే ఆటోనగర్ మెకానిక్ నీలవేణికి తండ్రి వదిలిపోయిన పాత స్పోర్ట్స్ కారంటే ప్రాణం. దానికి చెవుల్లేవు. భర్త చలపతితో ఏదైనా గుట్టుగా మాట్లాడాలంటే ఇద్దరూ అందులో కూర్చుని తలుపులు వేసుకునేవాళ్లు. తమ్ముడు దాక్కున్న ఊరి పేరు ఆమె అక్కడే చెప్పింది. మర్నాడే పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. వాళ్లకెలా తెలిసిందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ తర్వాత ఓ ఉదయం ఇండికేటర్ వెలగకపోతే డ్యాష్‌బోర్డు విప్పింది. ఎర్ర వైరు హెడ్‌లైటుది, నల్లది హారన్‌ది. ఒక్క ఆకుపచ్చ వైరు మాత్రం దేనిదో తెలియలేదు.

"దాన్నొదిలెయ్యవే! పాత బండన్నాక సవాలక్ష వైర్లుంటాయి," అన్నాడు పక్కనే టార్చి పట్టుకున్న చలపతి.

"ఉండండి, ఎక్కడికి పోయిందో చూద్దాం."

వైరు వెంటే తడుముకుంటూ పోతే సీటు కింద చింతగింజంత డబ్బీ తగిలింది. ఈ కాలపు సామాను ఏదైనా సరే, వేలు తగలగానే తన పేరూ, బిగించినవాళ్ల పేరూ చెప్పి తీరాలి. పాత సామానుకు నోరెక్కడిదిలే అనుకుంటూ ఆమె దానిమీది దుమ్ము తుడిచింది.

"నా పేరు చెవి. నన్ను బిగించినవారు చలపతి గారు," అంది డబ్బీ.

నీలవేణి డబ్బీని పిడికిట్లో పట్టుకుని మొగుడి వైపు తిరిగింది. చలపతి టార్చి ఆర్పేశాడు.

"అది కాదే, నేను చెప్పేది విను..."

"ఎక్కడ కూర్చుని చెప్తారండీ?"