కలిసినవి మూడే

ఆమె సంతకం పెట్టలేదు. పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచింది.

మేనేజర్‌కు ఒళ్ళు మండింది.

గుండె జబ్బున్న పిల్లలకు చుక్క చుక్కగా మందు ఎక్కించే మెషిన్ అది. దాని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడానికి ఆమెను బయటి నుంచి తెచ్చుకున్నారు. పరీక్షించినవాళ్ళు సంతకం పెడితేనే అది ఆసుపత్రికి వెళ్తుంది. ఆఫీసులో ఎవరికీ ఆమె గురించి ఏమీ తెలియదు. టెస్టరమ్మ అనేవారు, అంతే.

"దొరికిన తప్పులన్నీ సరిచేశాం కదమ్మా! ఇంకేంటి?"

"దొరకనివి ఉన్నాయి సార్."

"దొరకనివి ఉన్నాయని ఎలా తెలిసింది? కలొచ్చిందా?"

"నేనూ, మీ టీమూ విడివిడిగా వెతికాం. నాకు ముప్ఫై దొరికాయి. వాటిలో మీవాళ్ళకూ దొరికినవి మూడే. అంటే మీవాళ్ళ కంటికి పదింట్లో ఒకటే ఆనుతోంది. వాళ్ళు పట్టుకున్నవి నలభై. ఆ లెక్కన మొత్తం నాలుగు వందల దాకా ఉండాలి."

"ఇదంతా ఉత్త అంచనా."

"అంచనాయే సార్. అటూ ఇటూ అయినా వందల్లోనే మిగిలాయి. వాటిలో ఏది ప్రాణం మీదికి తెస్తుందో చెప్పలేను. ఒక్క నెల ఆగండి."

"అక్కడ పిల్లలు దీనికోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. నెల ఆగమంటారా? మీది గుండెనా, బండరాయా?"

ఆమె బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

మేనేజర్ ఇంకొకరి చేత సంతకం పెట్టించాడు. మెషిన్ ఆసుపత్రికి చేరింది.

వారం తిరక్కముందే ఫోనొచ్చింది. నర్సు మందు మోతాదు మారిస్తే, మెషిన్ పాత మోతాదుకు కొత్తది కూడా కలిపి ఎక్కించేసింది. ఏడేళ్ళ బాబు చనిపోయాడు.

మేనేజర్ పరుగున వెళ్ళాడు. డాక్టర్ కళ్ళలోకి చూడలేకపోయాడు.

"మీ మాట నమ్మి పెట్టాను," అన్నాడు డాక్టర్. "అసలు మొదటి వంతు ఓ పాపది. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. సరిచేసినది వచ్చేదాకా ఆగుతామంది. బాబుకీ పెట్టొద్దని మా కాళ్ళావేళ్ళా పడింది. మేం వింటేగా!"

"ఆ పాప ఎలా ఉంది?"

"ఆగలేకపోయింది. నిన్న పోయింది."

డాక్టర్ వరండా వైపు చూపించాడు.

"బాబు సంగతి తెలిసి ఆవిడ మళ్ళీ వచ్చింది. బయటే ఉంది, బాబు తల్లి దగ్గర."

మేనేజర్ వరండాలోకి వచ్చాడు.

గోడవారన బాబు తల్లి నేల మీద కుప్పకూలి ఉంది.

ఆమె తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్న ఆ పాప తల్లి టెస్టరమ్మే.