మాడిపోయిన అల్లం కుకీలు

మెట్లెక్కుతుండగానే కామేశ్వరికి మాడు వాసన తగిలింది.

చేతిలోని ప్యాకింగ్ డబ్బాలు అక్కడే పడేసి పైకి పరుగెత్తింది.

వంటింటి గడపలో గురువమ్మ తీరిగ్గా కూర్చుని రిబ్బన్లు కత్తిరిస్తోంది. ఆమె వెనకే ఓవెన్‌లో రెండు ట్రేల అల్లం కుకీలు బొగ్గులవుతున్నాయి. తలుపు తీయగానే పొగ గుప్పున లేచింది.

లోపలి గదిలో ఏడేళ్ల శ్రీవల్లి జ్వరం మందు వేసుకుని నిద్రపోతోంది.

కామేశ్వరి ఆ గదిలోకి ఉరికింది. కిటికీలు బార్లా తెరిచి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది.

ఐదేళ్ల కిందట, వాళ్లు అద్దెకున్న పాత వీధిలోకి ఓ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు కమ్ముకొచ్చింది. కామేశ్వరి, భర్త దొరబాబు స్పృహ తప్పి ఆసుపత్రిలో కళ్లు తెరిచారు. పక్క మంచం మీద రెండేళ్ల శ్రీవల్లి ఆక్సిజన్‌తో ఉంది. ఎవరో ఆంబులెన్స్‌కి అందించారట, ఆ ఎవరో ఎవరన్నది చెప్పినవాళ్లు లేరు. అప్పటినుంచి ఏ కొత్త వాసన సోకినా కామేశ్వరికి గుండె ఆగినంత పనవుతుంది.

ఈ కుకీల మీద ఆమె చాలా ఆశ పెట్టుకుంది. క్రిస్మస్ సెలవులకు స్టీల్‌ప్లాంట్ వాళ్ల కాలనీ ఉక్కునగరం నుంచి యాభై డబ్బాలు కావాలన్నారు. పేరొస్తే ఇంట్లోనే చిన్న బేకరీ పెట్టాలని ఆమె కోరిక. మన బిస్కెట్లు కొనేదెవరని దొరబాబు వేళాకోళమాడాడు కాబట్టి పట్టుదల ఇంకాస్త పెరిగింది.

సాయానికి మనిషి కావాలంటే కూరగాయల మంగాయమ్మే ఈ గురువమ్మని పంపింది. ఒకప్పుడు చేపలమ్మేదట. ఆ మాట వినగానే కామేశ్వరి మొహం చిట్లించింది. కుకీలకు నీచు వాసన పట్టదా అని మంగాయమ్మ ఎదుటే అడిగేసింది. సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుంటేనే పిండి ముట్టుకోనిచ్చింది. గురువమ్మ ఏమీ అనుకోలేదు, రోజూ మూడుసార్లూ కడుక్కుంది.

పనిలో వంక పెట్టడానికి లేదు. ఒత్తిన బిళ్లలన్నీ ఒకే మందంలో వచ్చేవి. కానీ శొంఠి సరిపోయిందా, లవంగం ఎక్కువైందా అని అడిగితే మాత్రం ఒకటే జవాబు, బాగుందమ్మా అని. దాల్చినచెక్క పొడి వేయడం మరిచిపోయిన వాయిని కూడా బాగుందనే మింగింది. ఏం పెట్టినా తినే రకం కాబోలనుకుంది కామేశ్వరి.

ఓవెన్ టైమర్ ఎప్పుడో పాడైంది. కామేశ్వరికి ముక్కే గడియారం. బజారుకు వెళ్తూ, శొంఠి ఘాటు తగ్గి బెల్లం పాకం వాసన రాగానే ఆపెయ్యమని చెప్పింది. గురువమ్మ ఒక్క క్షణం తటపటాయించి తలూపింది.

తీరా జరిగింది ఇది.

“ఇంత దగ్గర కూర్చుని మాడు వాసన తెలియలేదా నీకు?”

గురువమ్మ తల దించుకుంది.

“లోపల నా పిల్ల ఉంది. ఇల్లంటుకున్నా నువ్విలాగే కూర్చునేదానివా? నా పిల్ల ప్రాణమంటే లెక్కలేదా?”

ఆ మాటకు గురువమ్మ మొహం పాలిపోయింది.

“తప్పయిపోనాదమ్మా” అంది.

రేపట్నుంచి రావద్దని కామేశ్వరి కచ్చితంగా చెప్పేసింది. గురువమ్మ వెళ్తూ వెళ్తూ శ్రీవల్లి గుమ్మం దగ్గర ఆగింది. ఇంకా ఏమిటని కామేశ్వరి కసిరితే దిగి వెళ్లిపోయింది.

మాడినవాటికి బదులు మళ్లీ కాల్చి, సాయంత్రానికి ఎలాగో డబ్బాలన్నీ అందించింది కామేశ్వరి. ఉక్కునగరంలో అందరూ మెచ్చుకున్నారు. కొత్త సంవత్సరానికి మరో వంద డబ్బాలు చెప్పారు.

వారం తర్వాత మంగాయమ్మ కూరల బండి వీధిలోకి వచ్చింది. ఇదేం మనిషిని అంటగట్టావని కామేశ్వరి దులిపేసింది. మాడు వాసన కూడా పట్టించుకోని మనిషిని ఇంట్లో ఎలా నమ్మడమంది.

మంగాయమ్మ తక్కెడ కింద పెట్టింది.

“దానికి వాసన తెలవదమ్మా. ముక్కు సచ్చిపోనాది.”

అదెప్పట్నుంచని అడిగింది కామేశ్వరి.

మంగాయమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. ఐదేళ్ల కిందట ఆ గ్యాస్ లీకైన పొద్దున గురువమ్మ హార్బర్ నుంచి చేపల బుట్టతో ఆ పాత వీధిలోకి అడుగు పెట్టిందట. జనమంతా బయటికి పరుగెత్తుతుంటే, బుట్ట దించేసి తను లోపలికి పరుగెత్తిందట. మూడుసార్లు వెళ్లి ముగ్గురిని మోసుకొచ్చి, మూడోసారి తనే పడిపోయిందట. ప్రాణం దక్కింది గానీ ముక్కు పోయింది. ఏ చేప మంచిదో, ఏది పాడైందో తెలియక బేరం కూడా పోయింది. ఓసారి చెడిపోయిన చేప అమ్మిందని ఎవరో ఆమె మొహానే విసిరికొట్టారట.

సబ్బుతో మూడుసార్లు కడిగించిన ఆ చేతులు కామేశ్వరి కళ్ల ముందు మెదిలాయి. సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోయింది.

“ఆ ఒక్క మాట నాతో చెప్పొచ్చు కదా?”

“సెప్తే పన్లోంచి తీసేత్తారని బయమమ్మా.”

ఇల్లెక్కడో చెప్పమంది కామేశ్వరి. ఇప్పుడే వెళ్లి, కాళ్లు పట్టుకునైనా వెనక్కి తెచ్చుకుంటానంది.

“ఎక్కడికెల్తారు? మొన్ననే సెల్లెలోల్లతో గుజరాత్‌లో వెరావల్ ఎల్లిపోనాది. సేపలు ఎండబెట్టే పనికి. మరి రాదు.”

కామేశ్వరి బండి కొయ్య పట్టుకుంది. ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా మా ఇంటి పనే ఎందుకు, వాసనతోనే పనైన చోటికి ఎందుకొచ్చిందని అడిగింది.

పైన బాల్కనీలో శ్రీవల్లి సబ్బు బుడగలు ఊదుతోంది. మంగాయమ్మ అటే చూసింది.

“ఆ రోజు ఆకర్న బుజానేసుకుని దించింది మీ పాపనేనమ్మా, రోజూ ఓసారి కల్లారా సూసుకుందామని మీ ఇంట్లోనే పని కావాలంది.”