లెక్కకు రాని శ్రోత

“ఇంతకీ ఈ ఇంట్లో రేడియో వినేదెవరు మామ్మగారూ?”

“ఇంకెవరు, మా చంటి.”

సర్వే అమ్మాయి ఉసూరుమంది. పొద్దుటి నుంచీ ఇదే వరస. తలుపు తట్టడం, రేడియో ఎవరు వింటారని అడగడం, ఓ బుడతడి పేరు వినడం. ఏ స్టేషన్‌ని ఎంతమంది వింటున్నారో ఇల్లిల్లూ తిరిగి తేల్చడమే ఆమె ఉద్యోగం. ఆ లెక్క చూసి కంపెనీలు ప్రకటనలిస్తాయి. ప్రకటనలు వస్తే స్టేషన్ బతుకుతుంది, రాకపోతే లేదు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది పిల్లల రేడియోకి. కిందటి రెండు సర్వేల్లోనూ దానికి శ్రోతలు తేలలేదు. ఈసారీ తేలకపోతే మూసేస్తారు.

తేలమంటే ఎక్కణ్ణుంచి తేలతారు? పన్నెండేళ్ళు నిండనివాళ్ళని లెక్కలో వేయకూడదని రూలు. అంటే పిల్లల రేడియోకి పిల్లలు పనికిరారన్నమాట. ఆ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ, కనిపిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

“కూర్చో తల్లీ, నిలబడే రాసుకుంటావా?” అంటూ మామ్మగారు కుర్చీలో ఉన్న బొమ్మల పుస్తకాన్నీ, మూతికి గొట్టం ఉన్న ప్లాస్టిక్ గ్లాసునీ తీసి పక్కన పెట్టింది. కింద పలక ఒకటి ఉంది. దాని మీద ‘అ’ వంకర్లు పోయి సగంలో ఆగిపోయింది. పొద్దుటి నుంచి కూర్చోమన్నది ఈవిడొక్కతే. సర్వే అమ్మాయి కాళ్ళు ఆవిడకి వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాయి.

“చంటి ఏడీ?”

“లోపల పడుకున్నాడు. మెల్లిగా మాట్లాడు. లేచాడంటే ఇక నన్ను కదలనివ్వడు.”

“నడుస్తున్నాడా?”

“ఇప్పుడిప్పుడే. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తాడు. మాటలే మహా కష్టమైపోయాయి. డాక్టరైతే వస్తాయని చెప్పలేనన్నాడు. అలాంటిది రేడియో పుణ్యమా అని ‘నీళ్ళు’ అన్నాడు. నిన్న ‘ఆవు’ అన్నాడు. మనింట్లో ఆవు లేదనుకో, అయినా అన్నాడు.”

ఇద్దరూ నవ్వారు. లోపల మంచం కిర్రుమనేసరికి గభాల్న నోళ్ళు మూసుకున్నారు.

“అందులో ఓ అక్కయ్య ఉంటుందమ్మా,” మామ్మగారు గొంతు తగ్గించింది. “ఒక మాట చెబుతుంది. ‘ఇప్పుడు నువ్వు చెప్పు బంగారం’ అంటుంది. అని ఊరుకుంటుంది. మనవాడికి నోరు తిరగడానికి ఎంత టైం పడుతుందో ఆ పిల్లకి ఎలా తెలిసిందో గానీ, అంతసేపూ ఊరుకుంటుంది. నేను విసుక్కున్న రోజులున్నాయి. ఆ పిల్ల ఒక్కనాడూ విసుక్కోలేదు.”

సర్వే అమ్మాయికి ఆ ఊరుకోవడం సంగతి తెలుసు. ఆఫీసులో అందరూ దాని మీద జోకులేసుకున్నారు. అంత ఖాళీలో హాయిగా ఒక సబ్బు ప్రకటన పడుతుంది, నష్టాలు రమ్మంటే రావా మరి అని. తనూ నవ్వింది. ఇప్పుడు ఎందుకు నవ్వానా అనిపించింది.

“పోయిన నెల నేను వంటింట్లో ఉన్నాను. ‘అమ్మ’ అని వినిపించింది. రేడియోలో ఎవరో అనుకున్నా. మళ్ళీ వినిపించింది. వచ్చి చూస్తే మా చంటి. అక్కడే కూలబడి ఏడ్చేశాను. తర్వాత లేచి రేడియోకి దణ్ణం పెట్టాను. నవ్వుకుంటే నవ్వుకో.”

“నవ్వడం లేదండీ. వాళ్ళ నాన్న...”

“ఆయన పోయారమ్మా. ఉన్నది మేమిద్దరమే.”

తల్లి సంగతి అడగడానికి సర్వే అమ్మాయికి నోరు రాలేదు. అసలు విషయం మాత్రం చెప్పక తప్పదు.

“మామ్మగారూ, ఏమీ అనుకోకండి. మేం చిన్నపిల్లల్ని లెక్కలోకి తీసుకోం.”

“అదేం విడ్డూరం? పేరు పిల్లల రేడియో, పిల్లలు మాత్రం వద్దా?”

“నా చేతిలో లేదండీ. ఈ వీధిలో ఇదే ఆఖరి ఇల్లు. మా లెక్కలో ఒక్కరు తేలితే వెయ్యిమంది కింద జమ. కానీ చంటి చిన్నపిల్లాడైపోయాడే.”

“చిన్నపిల్లాడే. నేను ముద్ద కలిపి పెడితే గానీ తినడు,” మామ్మగారి ముఖం చిన్నబోయింది. “అయితే ఆ స్టేషన్ ఉండదా?”

“లెక్క తేలకపోతే ఉండదు.”

“మరి వీడి మాటలు?”

సర్వే అమ్మాయి చేతిలోని ట్యాబ్ వంక చూసింది, తలుపు వంక చూసింది. “పోనీ మీరు వింటున్నానని చెప్పండి. మీ పేరు రాసేసుకుంటాను. ఎవరూ అడగరు.”

మామ్మగారు తల అడ్డంగా ఊపింది. “నేనెక్కడ వింటున్నాను తల్లీ? వాడు దాని ముందు కూర్చున్న ఆ కాసేపే నాకు స్నానమూ, వంటా. అంత మేలు చేసినవాళ్ళ పేరు చెప్పి అబద్ధమాడలేను. నువ్వో పని చెయ్యి. ఆ అక్కయ్య ఎప్పుడైనా కనిపిస్తే, నువ్వు చల్లగా ఉండాలని ఓ ముసలిది రోజూ అనుకుంటుందని చెప్పు. స్టేషన్ ఉన్నా పోయినా సరే, చెప్పు.”

“చెబుతానండీ,” అంది సర్వే అమ్మాయి. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది తలుపులు తట్టింది గానీ, ఒక స్టేషన్‌కి ఇంత కృతజ్ఞత చెప్పినవాళ్ళని చూడలేదు. దాన్ని రాసుకోవడానికి ట్యాబ్‌లో చోటే లేదు.

ట్యాబ్ ఆపేయబోయింది. ఇంట్లో అందరి వయసులూ నింపితే గానీ అది ఆగనంది. మామ్మగారి వయసు మొదట్లోనే రాసుకుంది.

“చంటి వయసొక్కటి చెప్పండి, వెళ్ళిపోతాను. నాలుగా, అయిదా?”

మామ్మగారు ఆమె వంక వింతగా చూసింది.

“మా అబ్బాయికి పక్షవాతం వచ్చేనాటికే యాభై ఆరు తల్లీ.”