కళ్ళే ముందు

మన్నూబియా కుంచెను బల్లకేసి కొట్టింది.

"నావల్ల కాదు హేదియా. నన్నొదిలెయ్."

గాజు మీద బొమ్మను వెనక వైపు నుంచి వేస్తారు. అంతా తిరగేసిన పని. కళ్ళు ముందు, ముఖం తర్వాత, ఆకాశమో సముద్రమో ఆఖర్న. ఆ రంగు పూసేశాక ఇటు చూస్తే ఒట్టి మరకే, పలక తిప్పితేనే బొమ్మ.

మన్నూబియా నాలుగు నెలలుగా కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"కొడుకు కళ్ళు మర్చిపోయావా పిన్నీ?" అంది బొమ్మలు నేర్పే హేదియా.

"మర్చిపోవడమా! తెరిచి గీయాలా, మూసి గీయాలా? ముందది చెప్పు."

హేదియా కుంచెను కడిగి మళ్ళీ ఆమె ముందు పెట్టింది.

కొడుకు శిహాబ్, జర్జీస్ ఊరి రేవులో ఇటలీ దొంగపడవ ఎక్కి ఏడాది దాటింది. పడవ మునిగిందన్నారు. శవం రాలేదు, ఫోనూ రాలేదు. రంగులు పట్టుకుంటే గుండె బరువు దిగుతుందని మన్నూబియాను ఈ గదికి లాక్కొచ్చింది హేదియానే. బరువు దిగలేదు. కొడుకును రోజూ చంపుకుని, రోజూ బతికించుకుని ఆ తల్లి అలిసిపోయింది.

మూలన ఫోదే కూర్చుంటాడు. ఇటలీ పడవల కోసం ఎడారి అవతలి దేశాల నుంచి వచ్చే వాళ్ళలో ఒకడు. గాజు కోసి పెడతాడు, గది ఊడుస్తాడు. ఇక్కడి మాటలు నాలుగైదే వచ్చు. మూడు వారాలుగా ఒకే పలక పట్టుకుని వేలాడుతున్నాడు.

ఆ రోజు దాన్ని జాగ్రత్తగా తెచ్చి, తడి రంగు పైకుండేలా ఆమె ముందు పెట్టాడు. పలకంతా కారు నలుపు.

"అమ్మా... నీకు."

"ఎవర్రా నీకు అమ్మ? పడవలన్నీ మీరే ఎక్కేశారు. మీ బరువుకే మునిగింది నా బిడ్డ పడవ!"

"అమ్మా, చూడు..."

"ఏం చూడాలి, ఈ మసినా? నడు బయటికి!"

హేదియా అడ్డం పడ్డా ఆగలేదు. అతన్ని వీధిలోకి నెట్టి గొంతు చించుకుంది. కాగితాల్లేని వాళ్ళను ఏరుకుంటూ తిరిగే గస్తీ బండికి ఆ కేకలు చాలు.

పోలీసులు బండిలోకి తోస్తుంటే ఫోదే పెనుగులాడలేదు. బండి కదులుతుంటే అరచేతిని పదే పదే తిప్పి చూపిస్తూ ఏదో అరిచాడు. బండి సరిహద్దు దారి పట్టింది. అటు వెళ్ళినవాళ్ళు తిరిగి రారు.

మన్నూబియా వగరుస్తూ లోపలికొచ్చింది.

"ఎక్కణ్ణుంచి దాపురించాడే వీడు?"

"నీ పేరు అడుక్కుంటూ వచ్చాడు పిన్నీ," హేదియా ఏడుస్తోంది. "నీకేదో చెప్పాలట. మాటలు చాలవు, బొమ్మ నేర్పమన్నాడు. ఏం గీశాడో నాక్కూడా చూపలేదు."

మన్నూబియా రంగు వేళ్ళకంటుతున్నా పలకను తిప్పింది.

చీకటి సముద్రంలో కళ్ళు తెరుచుకునే ఉన్న శిహాబ్, తన ఒంటి మీది గాలి ట్యూబు తీసి మునిగిపోతున్న ఫోదే మెడలో వేస్తున్నాడు.