మొదటి ఆప్షన్

ముప్పై ఏడు తర్వాత బోర్డు మీద ముప్పై ఆరు వెలిగింది.

అప్పుడే పని ముగించుకుని బయటికి పోతున్న ముప్పై ఆరో నంబరు పెద్దాయన ఆగి, వెనక్కి వచ్చి మళ్ళీ వరుసలో నిలబడ్డాడు.

"ఏం మర్చిపోయిన్నో ఏమో" అంటూ సంచి వెతుక్కున్నాడు.

సంధ్య తన చీటీ చూసుకుంది. ముప్పై ఎనిమిది.

"మనల్ని దాటిపోయిందా బిడ్డా?"

"లేదమ్మా, గదే మన నంబరు. ఎనిమిదిల ఒక గీత వెలుగుతలేదు. అందుకే ఆరు లెక్క కనబడుతాంది" అంది సింధూజ.

పక్కనే ఫైలు పట్టుకుని నిలబడ్డ సన్నటి సారు ఆ మాట విని ఇటు తిరిగాడు.

ఆ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఆ రోజు సర్టిఫికెట్ల పరిశీలన. పదో తరగతి పాసై డిప్లొమాలో చేరబోయే పిల్లలు వచ్చారు. ఏ కాలేజీ ముందు, ఏది వెనక అని ఆప్షన్లు పెట్టడానికి సాయంత్రం దాకే గడువు. ఆ తర్వాత మార్చడం కుదరదు.

భువనగిరి అవతలి మగ్గాల ఊరి నుంచి మొదటి బస్సుకే వచ్చారు తల్లీబిడ్డలు.

సంధ్య చదువు తొమ్మిదితో ఆగిపోయింది. అప్పుడు తనకు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు బిడ్డకు చెప్పడానికి తనకు తెలియదు.

"గీత వెలుగుతలేదని ఎట్ల తెల్సింది?" అడిగాడు సారు.

"మా ఇంట్ల ఆసు మిషన్ ఉంది సార్. చీరకు పట్టుదారం తిప్పుతది. దానికీ గిట్లాంటి బోర్డే. ఆగినప్పుడల్ల నేనే ఇప్పి చూస్త."

"వాళ్ళ బాపు వద్దని ఒర్రుతనే ఉంటడు సారూ, ఇది ఇప్పుతనే ఉంటది" అంది సంధ్య.

సారు నవ్వాడు. "మీ పనైనంక ల్యాబుకు రాండ్రి. హనుమంతూ, ఆ బోర్డు జర దించుకరా."

కౌంటరు మేడం తలూపింది. అటెండరు హనుమంతు నిచ్చెన వేశాడు. అక్కడి నుంచి నంబర్లు నోటితోనే పిలిచారు.

ల్యాబులో బల్లలన్నీ పాతవే. సారు తీగలు అతికే సోల్డరింగ్ కడ్డీ వేడి చేసి సింధూజ చేతికిచ్చాడు.

"చెయ్యి కాలుతది సారూ, చిన్నపిల్ల" అంటూ సంధ్య అడ్డం వచ్చింది.

"కాలకుంట ఎవలు నేర్చుకున్నరమ్మా? నాకెన్ని మచ్చలున్నయో చూడు."

సింధూజ ఊపిరి బిగబట్టి, ఊడిన తీగ కొసకు కడ్డీ తాకించింది. సన్నగా పొగ లేచింది.

సారు స్విచ్చి వేశాడు.

ఎనిమిది నిండుగా వెలిగింది.

"అమ్మా, ఎనిమిది" అంది సింధూజ.

సంధ్యకు తను నేసిన చీరలో మొదటిసారి పువ్వు సరిగ్గా కలిసిన నాడు కూడా ఇంత సంబరం కాలేదు.

గబగబా కొంగున కట్టుకున్న కాగితం తీసింది.

"ఎలక్ట్రానిక్స్, ఎంబెడెడ్ అంటది సారూ. గదే కావాల్నట. నాకు నోరు తిరగదు."

"మిషన్ లోపల కూసొని దానితోని పని చేయించే చిన్న మెదడమ్మా. మీ ఇంటి మిషన్ల ఉన్నదీ గదే."

"అయితే గీ వరుస మంచిగున్నదా జర చూడుండ్రి."

కాగితంలో మొదటి పేరు హైవే మీది అద్దాల కాలేజీది.

"ఊర్లకే బస్సొస్తదట సారూ. ల్యాబుల ఏసీలట. ఇంటికొచ్చి మరీ చెప్పి పోయిండ్రు."

సారు ఆ పేరును చాలాసేపు చూశాడు.

"ల్యాబు మంచిగనే ఉంటది. కని తాళం తీయరు. పిల్ల చెయ్యి బోర్డు మీద పడదు."

"మీకెట్ల తెల్సు?"

"తెల్సమ్మా."

జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాడు. దాని పైన ఈ పాలిటెక్నిక్ పేరు రాశాడు.

"ఈడ మిషన్లు పాతయి. కని ఇప్పనిస్తరు. ఆడపిల్లల హాస్టలు గోడ పక్కనే."

"మీరున్నరు గద సారూ, గదే నా ధైర్యం."

"ఈడున్నోళ్ళు నాకంటె మంచిగ చెప్తరు" అని, ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నెట్ సెంటర్లో అదే వరుసలో ఆప్షన్లు పెట్టారు.

సీటు మొదటిదాంట్లోనే వచ్చింది.

ఫోన్లో మెసేజ్ చూసి సింధూజ వాకిట్లోకి ఉరికింది. ఒర్రే బాపు అశోక్‌కుమార్ కూడా మగ్గం దిగి, వాడకట్టంతా తిరిగి చెప్పి వచ్చాడు.

కాలేజీ తెరిచిన రోజు బిడ్డను క్లాసులో దింపి, సంధ్య ఆ సారు కోసం గది గదీ వెతికింది. చేతిలో తను నేసిన తువ్వాల ఉంది.

గేటు దగ్గర హనుమంతు కనిపించాడు.

"అన్నా, ఆనాడు ల్యాబు చూపెట్టిన సన్నటి సారు ఏ రూముల కూసుంటడు?"

"నాగేందర్ సారా? ఆయన మా సారు కాదమ్మా. ఎన్నడో ఈడ చదువుకున్నడు. గందుకే మేమంత ఎరుక."

"మరి ఆనాడు ఎందుకొచ్చిండు?"

"హైవే మీది అద్దాల కాలేజీల పాఠాలు చెప్తుండె. ఎండకాలమొస్తే ఆళ్ళు సార్లనే బయటికి పంపుతరు, పిల్లలను పట్టుకరాండ్రని. గా పని మీదనే ఈడ నిలబడ్డడు."

సంధ్య తువ్వాలను గట్టిగా పట్టుకుంది.

"అయితే ఆడికే పోయి కలుస్త."

"ఇప్పుడు ఆడ లేడమ్మా" అన్నాడు హనుమంతు. "పది మందిని చేర్పిస్తెనే నౌకరి అన్నరట, గా సాయంత్రానికి తొమ్మిది మందే అయిండ్రు."